అమ్మ తరఫున నేను రాసిన దరఖాస్తు

లాజికల్ రీజనింగ్ ఎలా నేర్చుకున్నావక్కా అని మా కాలేజీ జూనియర్లు అడుగుతుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. లా ఎంట్రన్స్‌లో ఆ సెక్షన్‌లో నాకు ఎన్ని మార్కులొచ్చాయో ఎవరో చెప్పి ఉంటారు. కానీ ఆ ప్రశ్న వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఏదో ఒక పుస్తకం కొనుక్కో, రోజుకి రెండు ప్యాసేజీలు చెయ్యి అని పంపించేస్తాను. నిజంగా ఎలా నేర్చుకున్నానో చెప్పాలంటే మా అమ్మ పని పోయిన సంగతి చెప్పాలి. అది పోవడంలో నా చెయ్యి ఎంతుందో కూడా చెప్పాలి.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఇంట్లో నేనూ అమ్మే. అమ్మ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి పొట్టు తీసే పనికి వెళ్లేది. పిక్కల్ని కాల్చి, పగలగొట్టి, ఆరబెట్టాక పప్పు మీద పల్చటి ఎర్రటి పొర మిగులుతుంది. దాన్ని చిన్న కత్తితో, పప్పు విరగకుండా తీయాలి. విరగనిది గుండు, రెండుగా చీలింది బద్ద. ధరలో ఆ రెంటికీ చాలా తేడా. పదకొండేళ్లు చేసింది అమ్మ ఆ పని. కొత్తగా చేరినవాళ్లని ఆమె పక్కన కూర్చోబెట్టేవారు, చూసి నేర్చుకోండి అని.

నేను ఇంటర్ అయ్యాక లా చదువుతానన్నాను. ఊళ్లో అందరూ నవ్వారు. ఎందుకే గుంటా, నీ నోటికి లా ఎందుకు, నోరే సాలు అన్నారు. అమ్మ మాత్రం పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో కోచింగ్‌లో చేర్పించింది. సెల్‌ఫోన్ షాపు మీద ఒక గది. బ్యాంకు పరీక్షలకి, రైల్వే పరీక్షలకి చదివేవాళ్లే అంతా. లా కోసం వచ్చింది నేనొక్కదాన్నే. సారుకి లా గురించి ఏమీ తెలియదు, ఆ మాట ఆయనే చెప్పాడు.

"రీజనింగ్ ఏ పరీక్షకైనా రీజనింగేనమ్మా. కూకో. కానీ బ్యాంకు రాసుకుంటే బేగి సెటిలైపోతావు, ఆలోసించుకో" అన్నాడు.

ఆయన మొదటి పాఠం నాకు ఇప్పటికీ గుర్తుంది. పేజీలో లేనిది నీ బుర్రలో ఉన్నా లేనట్టే. ప్యాసేజీ ఏం చెబితే అదే నిజం, నీ ఊళ్లో ఏం జరిగిందో ఎవడికీ అక్కర్లేదు. నేను మొదటి రోజు నుంచీ దానితో గొడవపడ్డాను. ఒక ప్యాసేజీలో, తీరంలో జీడి తోటలు గాలివానలకి తట్టుకుంటాయని ఉంది. నాకు ఒళ్లు మండింది. తుపానుకి మా చుట్టుపక్కల తోటలు వేళ్లతో సహా పడిపోయి ఉంటే, ఆ కొమ్మలు నరికి నరికి చేతులు బొబ్బలెక్కినవాళ్లం మేము. నేను ఆ వాక్యం అబద్ధమని పెట్టాను. మార్కు పోయింది.

"సార్, అది తప్పు. మా ఊరొచ్చి సూడమనండి ఆ రాసినోడిని."

"నువ్వు కథలోకి దూరిపోతన్నావమ్మా. దూరకు. బయట నిలబడి సూడు."

బయట నిలబడటం నాకు చేతకాదు. అది మా ఊరి జబ్బు అనుకుంటాను, ఎవరింట్లో ఏం జరిగినా అందరం లోపలే ఉంటాం. అయినా నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి పదికి ఎనిమిది కొట్టడం వచ్చింది. చెప్పొద్దూ, పొగరు కూడా వచ్చింది. అమ్మ ఏదైనా అంటే చాలు, అది దాని వల్ల జరిగిందని ఎలా అంటావు, రెండూ ఒకేసారి జరిగాయంతే కదా అని వాదించేదాన్ని. ఓలమ్మా, నీతో మాటాడలేం అని నవ్వేసేది.

ఇంకొకటి చెప్పాలి. మా వీధిలో దరఖాస్తులు రాసేది నేనే. ఎనిమిదో తరగతి నుంచీ అదే పని. పింఛను ఆగిపోయిందన్నా, రేషన్ కార్డులో పేరు తప్పు పడిందన్నా, కరెంటు మీటరు కాలిపోయిందన్నా కాగితం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. నాకొక పద్ధతి ఉండేది. పైన అయ్యా, నడుమ విషయం, కింద మన్నింపు. తప్పు ఎవరిదైనా సరే, ఆఖర్న మనమే క్షమించమని అడగాలి. ఇకమీదట ఇలా జరగకుండా చూసుకుంటాను, దయతో నన్ను మన్నించగలరు. మీటరు కాలిపోయినదానికి కూడా అలాగే రాశాను ఒకసారి. ఆ ముసలాయన మీటరుని ఇకమీదట కాలకుండా ఎలా చూసుకుంటాడో నాకు తెలియదు. బళ్లో సెలవు చీటీకి మాస్టారు నేర్పిన మాట అది. ఆఫీసుల్లో పని జరగాలంటే అలాగే రాయాలని ఊరంతా నమ్మేది, నేనూ నమ్మాను.

ఆ ఏడాది మాఘమాసంలో ఒక సాయంత్రం అమ్మ ఆటో దిగి ఇంట్లోకి వచ్చి, కాళ్లు కడుక్కోకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. నేను ప్యాసేజీలు చేసుకుంటున్నాను.

ఫ్యాక్టరీలో సాయంత్రం బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. ఆడవాళ్లు వరసగా నిలబడి కొంగు విప్పి దులపాలి, కుచ్చిళ్లు దులపాలి, క్యారేజీ మూత తీసి చూపించాలి. రోజూ ఒక ముసలామె చూసేది. ఆ రోజు ఆమె రాలేదు. ఆమె చోట మేస్త్రి నిలబడ్డాడు, మగవాడు. అమ్మ దులపలేదు.

"ఆడమనిషినెవరినైనా పిలు బాబూ, దులుపుతాను అన్నాను. మిగతావోలందరూ దులిపీసినారు నీకేటప్పా అన్నాడు. నాను దులపనన్నాను. ఈ పొద్దు మా బేచీలో పప్పు తూకం తగ్గిందట. ఇంకేటుంది, నువ్వే తీసినావన్నాడు. అందరి ముందరా అన్నాడు."

నేను పుస్తకంలోంచి తల ఎత్తి ఏమన్నానో రాయడానికి నాకు ఇప్పుడు చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. "ఏటీ లేనప్పుడు దులిపీడానికేటమ్మా?" అన్నాను. సరిగ్గా ఆ మేస్త్రి వాదనే. ఏమీ లేనప్పుడు చూపించడానికేం? చూపించలేదు కాబట్టి ఉంది. ఆ తప్పుడు వాదన నా ఒళ్లో ఉన్న పుస్తకంలోనే ఉంది, రెండు రోజుల కిందటే చేశాను, సరిగ్గా చేశాను. వర్షం పడితే నేల తడుస్తుంది, నేల తడిసింది కాబట్టి వర్షం పడిందనకూడదు అని మార్జిన్‌లో నా చేతిరాతతో రాసుకున్నాను కూడా. పేజీలో ఉంటే పట్టుకున్నాను, నా ఇంట్లో నా తల్లి గోడకి ఆనుకుని చెబితే పట్టుకోలేకపోయాను. నా బుద్ధి గడ్డి తినడానికి పోయింది.

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

మూడో రోజు మేస్త్రి మనిషి చేత కబురు పంపాడు. జరిగినదాని గురించి ఒక కాగితం రాసుకొస్తే ఫ్యాక్టరీ షావుకారు చూస్తాడట, పనిలోకి రానిస్తాడట. ఆ పొద్దున నాకు టెక్కలిలో మాక్ టెస్ట్ ఉంది. బస్సుకి టైమైపోతోంది. అమ్మ తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏటి జరిగిందో రాయమ్మా."

నిలబడే రాశాను. గౌరవనీయులైన షావుకారు గారికి, మీ ఫ్యాక్టరీలో పదకొండు సంవత్సరాలుగా పనిచేయుచున్న నేను, ఫలానా రోజున గేటు వద్ద తనిఖీ సందర్భంగా జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను. ఇకమీదట ఇలాంటిది జరగకుండా చూసుకుంటాను. దయతో నన్ను మన్నించి పనిలోకి తీసుకొనగలరు. పది నిమిషాలు కూడా పట్టలేదు. చదివి వినిపించాను. అమ్మ కాసేపు కాగితం వైపే చూసి సంతకం పెట్టింది. నేను రాసిన ప్రతి దరఖాస్తుకీ తీసినట్టే దానికీ ఫోన్‌లో ఫోటో తీసుకుని బస్సుకి పరిగెత్తాను. ఆ రోజు టెస్టు బాగా రాశాను.

ఫ్యాక్టరీ వాళ్లు కాగితం తీసుకున్నారు. పనిలోకి మాత్రం పిలవలేదు. రేపు, ఎల్లుండి, లోడు వచ్చాక అన్నారు. వారం చూసి అమ్మ ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లింది. పలాసలో ఫ్యాక్టరీలకి లోటా, మంచి చెయ్యి ఉన్నవాళ్లని పిలిచి మరీ పని ఇస్తారు. అక్కడ వద్దన్నారు. మరో దగ్గరికి వెళ్లింది. అక్కడ మేస్త్రి తెలిసినవాడే, మొహం చూడకుండా చెప్పాడట. "ఏటి సేత్తామప్పా, రాసిచ్చీసినావంట గదా."

నేను ఇంట్లో ఎగిరాను. ఏం రాసిచ్చాం? దొంగతనం చేశానని ఎక్కడుంది ఆ కాగితంలో? ఒక్క మాట చూపించమను! నోటికొచ్చినట్టు కూస్తారా, రేపు నేను లా చదివి ఒక్కొక్కడినీ కోర్టుకి ఈడుస్తాను అని అరిచాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. నా అరుపులకి ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

తర్వాత అమ్మ నౌపడ ఉప్పు మడులకి వెళ్లడం మొదలుపెట్టింది. పలాసలో రైలెక్కి వెళ్లి, మళ్లీ రైల్లో వచ్చేది. పప్పు విరగకుండా పొర తీసే చేతులతో ఉప్పు లాగేది. పది రోజులకే అరికాళ్లు పగిలాయి. కొబ్బరినూనె రాసుకుని, గుడ్డ కట్టుకుని మళ్లీ వెళ్లేది. నేను ఎప్పటిలాగే కోచింగ్‌కి వెళ్లేదాన్ని.

ఒక మధ్యాహ్నం సారు కొత్త పాఠం మొదలుపెట్టాడు. అజంప్షన్స్. పైకి చెప్పకుండా ఒప్పేసుకున్న మాట అని బోర్డు మీద తెలుగులో రాశాడు. దాన్ని పట్టుకోవడానికి ఒక కిటుకు కూడా చెప్పాడు. అనుమానం ఉన్న మాటని తీసేసి చూడు, వాక్యం నిలబడకపోతే అదే.

"ఒక హాస్టల్లో నోటీసు పెట్టినారు. ఇకమీదట విద్యార్థులు గోడ దూకరాదు. దీంట్లో సెప్పకుండా ఒప్పేసుకున్నదేటి?"

నేనే ముందు చెయ్యెత్తాను. "ఇంతకుముందు దూకినారని సార్."

"శభాష్. ఎవుడూ ఎప్పుడూ దూకకపోతే ఇకమీదట అన్న మాటకి అర్థం నేదు. సూసినారా, ఆ నోటీసులో ఎవుడినీ తిట్టలేదు. కానీ నేరం ఒప్పుకున్నట్టే."

క్లాసులో ఎవరో, మా హాస్టలే సార్ అన్నారు, అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. ఫోన్ తీసి ఆ ఫోటో చూశాను. జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను. ఏ పొరపాటు? ఇకమీదట ఇలాంటిది జరగకుండా. ఎలాంటిది? దయతో మన్నించి. దేనికి? సారు చెప్పిన కిటుకు ప్రతి వాక్యానికీ పెట్టి చూశాను. అమ్మ ఏ తప్పూ చేయలేదు అనుకుంటే ఆ కాగితంలో ఒక్క వాక్యం కూడా నిలబడలేదు. ఆడమనిషిని పిలవమన్న మాట అందులో లేదు. ముసలామె రాని సంగతి లేదు. ఏం జరిగిందో రాయమంది అమ్మ, జరిగింది తప్ప అన్నీ రాశాను. మేస్త్రి అన్నది నోటిమాట, గాలికి పోయేది. దాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేయించింది నేను. ఆ నిమిషంలో నాకు వచ్చిన కోపం సారు మీదా, షావుకారు మీదా, చిన్నప్పుడు ఆ మాట నేర్పిన మాస్టారు మీదా, నా మీదా ఒకేసారి వచ్చింది. పుస్తకాలు అక్కడే వదిలేసి లేచాను.

"ఏటమ్మా, మజ్జిలో?" అన్నాడు సారు. మెట్లు దిగి, ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి పోయాను.

షావుకారు బల్ల మీద స్టీలు పళ్లాల్లో శాంపిల్ పప్పు పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దమనిషి, కూర్చోమన్నాడు. మంచినీళ్లు ఇప్పించాడు. లా చదువుతావటమ్మా అని అడిగాడు. నేను ఎవరి కూతురినో చెప్పి, నిలబడే మాట్లాడాను. నేర్చుకున్నదంతా అక్కడ పెట్టాను. దులపకపోతే దాచినట్టు కాదు, దులపకపోవడానికి ఇంకో కారణం ఆమె ఆ క్షణమే చెప్పింది. బేచీ తూకం తగ్గితే దానికి ఆ బేచీలో కూర్చున్న అందరూ కారణం కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. పప్పు బాగా ఆరితే తూకం తగ్గుతుంది, అది నాకంటే మీకే బాగా తెలుసు. ముసలామె ఉన్న పదకొండేళ్లలో మా అమ్మ ఒక్కరోజైనా దులపనందా, ఆమెనే పిలిచి అడగండి. మాట తడబడలేదు.

ఆయన చివరిదాకా విన్నాడు. ఒక గుండు తీసి నోట్లో వేసుకున్నాడు.

"బాగా సెప్పినావమ్మా. నిజంగా బాగా సెప్పినావు. ఈ మాటలు ఆ కాయితంలో ఎందుకు రాయలేదు మరి?"

ఆయన ఇంకో గుండు తీసుకున్నాడు.

"నీ సేతిరాతే గదా? మీయమ్మ సంతకమే గదా? నాను దొంగ అన్నానేటి? మేస్త్రి ఏదో కూసుంటాడు, ఆడి మాట నాను ఇంటానా? ఇసారిద్దారనుకున్నాను. ఈలోపు మీరే పొరపాటయ్యిందని రాసిచ్చీసినారు. ఇంక నాకు ఇసారించడానికేటుంది?"

ఆ కాగితం వెనక్కి ఇచ్చేయండి, వేరేది రాస్తాను అన్నాను. నవ్వాడు. ఫైల్లో ఎల్లిపోయిందమ్మా అన్నాడు. ఆయన బల్ల మీదున్న కాగితమే లాక్కుని అక్కడికక్కడే రాశాను, జరిగింది జరిగినట్టు, ఒక్క మన్నింపు లేకుండా. నా జీవితంలో అలాంటి దరఖాస్తు అదే మొదటిది. ఆయన దాన్ని చదివి పళ్లెం కింద పెట్టాడు.

"దీని మీద మీయమ్మ సంతకం నేదు గదా" అన్నాడు. అంత మర్యాదగా మాట్లాడే మనిషిని పట్టుకుని కొట్టాలనిపించడం నాకు అదే మొదటిసారి. విచారిద్దామనుకున్నాడట, పచ్చి అబద్ధం. అబద్ధమని నాకు తెలుసు. కానీ దాన్ని అబద్ధమని నిరూపించే దారి మూసేసింది నా రాతే.

అక్కడి నుంచి నేరుగా పలాస స్టేషన్‌కి నడిచాను. అమ్మ రైలు వచ్చే వేళ. ఎండ ఇంకా తగ్గలేదు. అమ్మ దిగి, నన్ను చూసి కంగారుపడింది, ఏటయ్యింది, ఎందుకొచ్చినావు అని. ప్లాట్‌ఫాం మీద సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆ దరఖాస్తు వల్లే నీకు పని పోయిందమ్మా, నువ్వు చేశావని నేనే రాశాను, నాకు తెలియలేదు, ఇవాళ క్లాసులో చెబితేగానీ తెలియలేదు అన్నాను. ఏడుస్తాననుకున్నాను, కానీ కోపంగానే చెప్పాను, ఆమె మీద కోపం వచ్చినట్టు.

అమ్మ కాళ్ల గుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంటోంది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు సదివి ఇనిపించినావు గదా. అప్పుడే తెలిసింది. మన్నించమంటే తప్పు సేసినట్టే గదమ్మా. దానికి క్లాసెందుకు?"

"మరి సంతకం ఎందుకు పెట్టావు? నోరు లేదా నీకు? ఇలా కాదు, మళ్లీ రాయి అనడానికేం?" ప్లాట్‌ఫాం మీద జనం చూస్తున్నా అరిచాను.

అమ్మ ముడి గట్టిగా బిగించి నావైపు చూసింది. ఆమె కళ్లలో అంత కోపం నేను అంతకుముందు చూడలేదు.

"దులిపీడానికేటి అన్నావు ఆ పొద్దు. మూడు రోజులు సూసినాను, మళ్లీ ఒక్క మాటడగలేదు. మీద నుంచి కాయితం కూడా అలగే రాసినావు. నా కూతురు కూడా నానే తీసినాననుకుంటంది అనుకున్నాను. ఇంక షావుకారు కాడికెల్లి నానేటని సెప్పుకోవాల? ఎవుల కోసం సెప్పుకోవాల?"

లేదమ్మా, నేనలా అనుకోలేదు అన్నాను. అది నిజమే. నేను అనుకోలేదు. తీసిందో లేదో ఆలోచించనే లేదు. కాగితం రాసిన పొద్దున నాకు బస్సుకి టైమైపోతోంది, అంతే. కానీ ఆ మాట ఆమెకి ఎలా చెప్పను? దానికంటే, నువ్వే తీశావని నమ్మాను, తప్పయింది అని చెప్పడమే నయమనిపించింది. ఏది చెప్పాలో తేల్చుకునేలోపే అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, నాకంటే ముందు నడిచి ఆటోల వైపు వెళ్లిపోయింది.